దోసె బండి దగ్గర చీకటి: ఒక రాత్రి ఫోటో పరిశీలన

రాత్రిపూట వీధిలో తీసిన ఫోటో ఎవరికైనా చూపిస్తే ముందు వినపడే మాట "నాయిస్ ఎక్కువైంది", అంటే ఇసక చల్లినట్టు గరుకు చుక్కలు కనపడుతున్నాయని. తర్వాత "కొంచెం షేక్ అయినట్టుంది". తీసినవాడు బాగా తెలిసినవాడైతే ఈ రెండూ మింగేసి "సూపర్" అంటారు. మూడింట్లో ఏదీ తీసినవాడికి పెద్దగా పనికిరాదు. నాయిస్ ఉన్న సంగతి అతనికీ కనపడుతూనే ఉంది. అది ఎందుకొచ్చింది, దానివల్ల ఈ ఫోటోకి నిజంగా నష్టం జరిగిందా, అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకెక్కడైనా దాక్కుందా అన్నవి తేల్చాలి. రాత్రి ఫోటోల్లో ఆ పెద్ద పొరపాటు ఎక్కువగా చీకటిని ఏం చేశారన్న దగ్గర దొరుకుతుంది.

ఒక ఫోటో ఎదురుగా ఉంటే మాట్లాడుకోవడం సులువు కాబట్టి, నెల్లూరులో ఎవరైనా తీయగలిగినది ఒకటి ఊహించుకుందాం. నవంబరు నెల. ఈశాన్య రుతుపవనాల కాలం, సాయంత్రం వాన పడి వెలిసింది. రాత్రి పదిన్నర. ట్రంకు రోడ్డులో గాంధీబొమ్మ సెంటరు దగ్గర లోపలికి తిరిగే సందు మొదట్లో కారం దోసెల బండి. బండి రేకుకు కట్టిన ఎల్‌ఈడీ ట్యూబు కింద పెనం, పెనం ముందు నడివయసు మనిషి గరిటె తిప్పుతున్నాడు. బండి ముందు ఇద్దరు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. వెనక షట్టరు దించేసిన బట్టల కొట్టు. ఫ్రేము కుడి చివర ఇంకో కొట్టు తాలూకు ఎర్ర ఎల్‌ఈడీ బోర్డు ఇంకా వెలుగుతోంది. ముందున్న తడి రోడ్డు మీద ఆ ఎరుపు పొడుగ్గా సాగింది. ఎడమ నుంచి ఒక బైకు వస్తోంది. బండి కింద నీళ్ళ డ్రమ్ము, దాని పక్కన ముడుచుకుని పడుకున్న కుక్క. కెమెరాది ఏపీఎస్-సీ సెన్సరు (పాత ఫిల్ము ఫ్రేము కన్నా చిన్న సైజు), లెన్సు 35 మి.మీ., ఎఫ్/1.8 దాకా తెరుచుకునేది (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం, అంటే అపర్చరు, పెద్దదవుతుంది). ఫోటో తీసింది ఎఫ్/4 దగ్గర, సెకనులో 15వ వంతు షట్టర్ స్పీడుతో (అంటే షట్టరు అంతసేపు తెరిచి), ఐఎస్ఓ (అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600 పెట్టి.

సెట్టింగుల జోలికి పోకముందు కళ్ళు సగం మూసి ఫోటో చూడాలి. ముఖాలు, అక్షరాలు అన్నీ కరిగిపోయి వెలుగు ముద్దలు మాత్రం మిగులుతాయి. ఇందులో రెండు ముద్దలు కనపడతాయి: మధ్యలో తెల్లటిది, కుడి చివర ఎర్రటిది. చూపు ముందు పోయేది ఎర్రదాని మీదికే. రాత్రి ఫోటోలో కన్ను బాగా వెలిగేదాని వెంట, ముదురు రంగు వెంట, చదవగలిగే అక్షరాల వెంట పరుగెడుతుంది. ఆ బోర్డుకి మూడూ ఉన్నాయి. దోసెలు పోసే మనిషి ఫోటోకి కథానాయకుడు అనుకుంటే, ఆయన పక్కన ఒక డిస్కౌంటు బోర్డు నిలబడి మైకు లాక్కుంటోంది. పగటి ఫోటోలో ఇదే బోర్డు నూరు వస్తువుల్లో ఒకటిగా కలిసిపోయేది. రాత్రి కూర్పు ఇక్కడే వేరే లెక్కలో నడుస్తుంది. చోటు ఎవరు ఎక్కువ ఆక్రమించారన్నదాని కన్నా ఎవరు ఎక్కువ వెలుగుతున్నారన్నది ముఖ్యం.

దీనికి మందు తేలికే. కుడి పక్క బోర్డును కత్తిరించి, తడి రోడ్డు మీద దాని ప్రతిబింబాన్ని ఉంచుకోవచ్చు. ఎరుపు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా రోడ్డు మీద పరుచుకుంటే అది వాన వెలిసిన రాత్రి అని వేరే చెప్పక్కర్లేదు. 1930లలో పారిస్ రాత్రుళ్ళను ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్న బ్రస్సాయ్ పొగమంచు, వాన ఉన్న రాత్రులను ఇష్టపడేవాడు. తడిసిన రాళ్ళబాట వీధిదీపాన్ని రెండు చేస్తుంది మరి. ఎక్స్‌పోజర్ (వెలుగు పడనివ్వడం) ఎంతసేపు ఇవ్వాలో సిగరెట్లతో కొలిచేవాడు: మామూలు వెలుగుకు ఒక రకం సిగరెట్టు కాలేంతసేపు, ఇంకా చీకటైతే లావుపాటి రకం. గాజు పలకల కెమెరాతో, స్టాండు మీద, నిమిషాల తరబడి తీసే పని అది. ఇప్పుడు దోసెల బండి ముందు అంత తీరిక ఎవరికీ లేదు, దోసెకీ లేదు.

ఇక షేక్ సంగతి. రాత్రి ఫోటో అలుక్కుపోయిందంటే దానికి రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. చెయ్యి కదిలిందా, మనిషి కదిలాడా? దీన్ని తేల్చడానికి ఫోటోను పెద్దది చేసి కదలని వస్తువులు చూడాలి. మూసిన షట్టరు మీద (కెమెరాది కాదు, బట్టల కొట్టుది) తాళం దగ్గర మెరిసే చుక్క, బండి రేకు అంచున వేలాడే నీటిబొట్టు, దూరాన వీధిదీపం. ఈ మూడు చుక్కలూ ఒకే తీరున చిన్న కొక్కెంలా వంకర తిరిగి ఉంటే చెయ్యి కదిలినట్టే. అవి చుక్కలుగానే ఉండి బైకు ఒక్కటే సాగి ఉంటే కదిలింది బైకు. ఈ ఫోటోలో చుక్కలన్నీ కొక్కేలే. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను (అంటే మి.మీ. అంకెను) సెన్సరు సైజు లెక్కతో (ఏపీఎస్-సీకి 1.5) గుణిస్తే వచ్చే అంకెకు తగ్గకుండా షట్టర్ స్పీడు ఉంచుకోవాలని పాత లెక్క ఒకటుంది. 35ని 1.5తో గుణిస్తే 52. అంటే సెకనులో 60వ వంతు ఉంటే గండం గడిచినట్టు. 15వ వంతు దగ్గర ఊపిరి బిగబట్టినా నమ్మకం లేదు.

లెన్సులోనో బాడీలోనో స్టెబిలైజేషన్ ఉంటే కొక్కేలు పోవచ్చు. కానీ అది తీసేవాడి చెయ్యిని పట్టుకుంటుందే తప్ప గరిటె తిప్పే చెయ్యిని పట్టుకోదు. గరిటె సెకనుకు ఒక మీటరు వేగంతో తిరుగుతోందనుకుంటే, 15వ వంతు సెకనులో దాదాపు ఏడు సెంటీమీటర్లు జరుగుతుంది. పిండి, గరిటె, వేళ్ళు కలిసి ఒక బూడిద రంగు మరక అయిపోతాయి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు అంతసేపట్లో 67 సెంటీమీటర్లు పోతుంది. అది అందంగా సాగిన గీత అవడానికి చాలదు, బైకుగా నిలవడానికి ఎక్కువ. రెంటికీ చెడ్డ వేగం ఇది.

ఎఫ్/4 ఎందుకు పెట్టారన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. లెన్సు ఎఫ్/2కి తెరిస్తే నాలుగు రెట్ల వెలుగు వస్తుంది, షట్టర్ స్పీడు 60వ వంతుకు చేరుతుంది. "డెప్త్ పోతుంది కదా" అనే భయం ఉంటుంది, అంటే ముందూ వెనకా స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుందని. నాలుగు మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే ఈ లెన్సుకి ఎఫ్/2 దగ్గర కూడా సుమారు ఒక మీటరు లోతు స్పష్టంగా వస్తుంది. దోసె పోసే మనిషి, పెనం, దగ్గర్లో నిలబడ్డవాళ్ళు అందులో సర్దుకుంటారు. వెనక షట్టరు కొంచెం మెత్తబడితే ఎవరికీ బాధ లేదు. ఐఎస్ఓను 3200కి పెంచితే స్పీడు 125వ వంతు దాకా పోతుంది. గరిటె జరిగేది ఎనిమిది మిల్లీమీటర్లు. కదలిక ఉన్నట్టు తెలుస్తుంది, వేళ్ళు లెక్కపెట్టొచ్చు.

అయితే 125వ వంతు దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే చౌక ఎల్‌ఈడీ ట్యూబులు చాలావాటిలో వెలుగు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు. వేగమైన షట్టరుకి తెలుస్తుంది, ముఖ్యంగా మెకానికల్ షట్టరు లేకుండా సైలెంట్ మోడ్‌లో తీసినప్పుడు. ఫోటో మీద అడ్డంగా చారలు పడతాయి, లేదా వరసగా తీసిన పది ఫోటోల్లో నాలుగు మసకగా వస్తాయి. తీసినవాడు కెమెరా పాడైందనుకుని షాపుకి పరుగెడతాడు. 50వ వంతు, 100వ వంతు ఈ హెచ్చుతగ్గులకు సరిగ్గా సరిపడే వేగాలు. కాబట్టి ఈ బండి దగ్గర 100వ వంతు మంచి బేరం. ఎర్ర బోర్డు లాంటివి వేరే వేగంతో ఆరి వెలుగుతుంటాయి కాబట్టి వాటి మీద చారలు పడే అవకాశం ఇంకా ఉంటుంది. బోర్డును ఎలాగూ కత్తిరిస్తున్నాం.

నాయిస్ భయమే ఐఎస్ఓను 1600 దగ్గర కట్టేసిందని ఈ సెట్టింగులు చూస్తే అర్థమవుతుంది. ఐఎస్ఓ పెంచితే నాయిస్ పుడుతుందని చాలామంది నమ్మకం. అసలు పుట్టుక వెలుగు తక్కువ కావడంలో ఉంది. వెలుగు సెన్సరు మీద వాన చినుకుల్లా పడుతుంది, లెక్కగా పడదు. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడాల్సి ఉంటే అటూ ఇటూ 10 తేడా వస్తుంది, అంటే పది శాతం. 10,000 పడితే తేడా 100, అంటే ఒక్క శాతం. అందుకే అదే ఫోటోలో ట్యూబు కింద ఉన్న ముఖం నున్నగా, మూసిన షట్టరు గరుకుగా కనపడతాయి. సెన్సరుకి ఎక్కువ వెలుగు అందించగలిగేవి అపర్చరు, షట్టర్ సమయం, ఇంకో దీపం. ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో ఎత్తితే నాయిస్ తగ్గదు, చాలా కెమెరాల్లో ఇంకాస్త ఎక్కువవుతుంది. పైగా నాయిస్‌ను సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది. కొక్కేలను తుడవడం దాని తరం కాదు. నాయిస్ ఉన్న మంచి ఫోటో నాయిస్ ఉన్న ఫోటోగానే మిగులుతుంది, షేక్ అయిన ఫోటో మాత్రం మిగలదు.

రంగు దగ్గర కాస్త ఆగాలి. మన ఊళ్ళ వీధులు చాలాకాలం సోడియం వేపర్ దీపాల కింద ఉన్నాయి. 2,000 కెల్విన్ దగ్గరి నారింజ వెలుగు, అందులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ గోధుమ రంగు తేడాల్లా కనపడేవి. అప్పట్లో రాత్రి ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేయడం తెలివైన పనే, పోయేది పెద్దగా ఏమీ లేదు. 2015 జనవరి 5న కేంద్రం వీధిదీపాల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాక ఎల్‌ఈడీలు దేశమంతా ఎక్కాయి. ఇప్పుడు రాత్రి వెలుగు తెల్లగా, చల్లగా ఉంటుంది, మధ్యలో అక్కడక్కడా పాత పసుపు మిగిలి ఉంటుంది. ఒకే ఫ్రేములో రెండు మూడు రకాల తెలుపులు. వాటన్నిటినీ ఒకేసారి సరిచేసే వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) లేదు. దేన్ని నిజం చేయాలో ఎంచుకోవాలి, మిగతావాటిని వాటి మానాన వదిలేయాలి.

ఇక్కడ ఎంచుకోవడానికి చక్కటి గుర్తు ఉంది: దోసె పిండి. ఎడిటింగులో గిన్నెలోని పిండిని, ఇదే తెలుపు అని చూపించే ఐడ్రాపర్‌తో నొక్కితే బండి కింది ప్రపంచమంతా సర్దుకుంటుంది. (పిండికి లేత పసుపు ఛాయ ఉంటుంది, కాబట్టి పూర్తిగా నమ్మకుండా కొంచెం వెచ్చగా ఉంచాలి.) తర్వాత కారం చూడాలి. నెల్లూరు కారం దోసె మీద పూసే ఎర్రకారం ఈ ఫోటోలో ఇటుక పొడిలా, నిర్జీవంగా ఉంది. తప్పు తీసినవాడిది కాదు, ట్యూబుది. రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే సీఆర్‌ఐ అంకెలో ముదురు ఎరుపు లెక్కకే రాదు. దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు, చౌక ఎల్‌ఈడీలు తన్నేసేది అక్కడే. వెలుగులోనే ఎరుపు తక్కువైతే కారం మీంచి తిరిగొచ్చేదీ తక్కువే. ఎడిటింగులో ఎరుపును కొంచెం లేపితే ఆ దోసెకి న్యాయం జరుగుతుంది. మరీ లేపితే ఆయన పెదాలు, చెవులు కూడా కారం పూసినట్టవుతాయి. ఇలాంటి ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసేయడం చాలాసార్లు రంగు తలనొప్పి తప్పించుకునే దారి. కారం లేని కారం దోసె, ఎరుపు లేని తడి రోడ్డు మిగులుతాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కెమెరా చేతిలో ఉన్నప్పుడు జరిగినవి. అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఎడిటింగులో చీకటి భాగాలను వెలిగించే షాడోస్ స్లైడరును దాదాపు చివరిదాకా లాగారు. దాంతో వెనక షట్టరు మడతలు, దాని మీద చిరిగిన పోస్టరు, కరెంటు వైర్ల చిక్కు, డ్రమ్ము మీద రంగు, కుక్క, ప్లాస్టిక్ కవరు, అన్నీ బయటికొచ్చాయి. ఆకాశం ఊదా కలిసిన బూడిద రంగైంది. ట్యూబు వెలుగు ఆ మనిషి మీద పడి ఆగిపోయే చోటు, అంటే ఈ ఫోటోకి ప్రాణం లాంటి అంచు, మాయమైంది. రాత్రి పదిన్నర కాస్తా మబ్బు పట్టిన సాయంత్రం ఐదు గంటలయింది. "డీటెయిల్స్ బాగా వచ్చాయి" అని మెచ్చుకునేవాళ్ళు ఉంటారు. వచ్చిన డీటెయిల్స్‌లో ఏది కావాలి అని మాత్రం అడగరు.

ఈ అలవాటుకు ఫోన్లు కొంత కారణం. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలోకి నైట్ సైట్ వచ్చింది, మరుసటి ఏడాది ఐఫోన్ 11లోకి నైట్ మోడ్ వచ్చింది. ఇవి ఒక ఫోటో బదులు చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తాయి. తొమ్మిది ఫ్రేములు పేరిస్తే నాయిస్ మూడో వంతుకు తగ్గుతుంది. గొప్ప పనే. కానీ అవి చీకటిని పోగొట్టాల్సిన జబ్బుగా చూస్తాయి. రొట్టెల పండుగ రాత్రి స్వర్ణాల చెరువు గట్టున జనం కదులుతుండగా నైట్ మోడ్‌లో తీస్తే నీళ్ళు, దీపాలు కత్తిలా వస్తాయి, మనుషులు మైనంలా కరుగుతారు. పైన ఆకాశం నీలంగా ఉంటుంది. ఆ నీలం ఆ రాత్రి ఎవరికీ కనపడలేదు.

మామూలు కెమెరా కూడా ఇదే వైపు లాగుతుంది. వెలుగును కొలిచే దాని మీటరు ఎదుట ఉన్నదంతా కలిపితే నడిమి బూడిద రంగు రావాలనుకుంటుంది. ఫ్రేములో ముప్పావు వంతు చీకటి ఉంటే ఆ చీకటినే బూడిద చేయబోతుంది, అందుకు షట్టరును నెమ్మది చేస్తుంది. ఈ ఫోటోకి 15వ వంతు రావడంలో దాని వాటా ఉంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు లెక్కకు మనం చేసే సవరణ) ఒక స్టాపు, అంటే సగం వెలుగుకు, దించి ఉంటే నలుపు నలుపుగా ఉండేది, షట్టరు వేగం రెండింతలయ్యేది. పైన పెంచిన ఐఎస్ఓను మళ్ళీ 1600కి దించుకోవచ్చు కూడా. నాయిస్ అంటే అంత భయపడిన మనిషికి చీకటిని ఉండనివ్వడమే మందు అన్నమాట.

ఉండనివ్వడం అంటే అంతా ముంచేయడం కాదు. రంగనాయకస్వామి గుడి గాలిగోపురం మీద లైట్లు వేసినప్పుడు గోపురానికి సరిపెట్టి తీస్తే కింద వీధి నల్లటి దిమ్మలా మారిపోతుంది. వీధికి సరిపెడితే గోపురం తెల్లటి కాగితం. అక్కడ మాత్రం సంజె చీకటి పూర్తిగా పడక ముందే, ఆకాశంలో కాస్త వెలుగు మిగిలి ఉండగా తీసేయడం ఒక్కటే హాయైన దారి. దోసె బండి ఫోటోకి ఆ గొడవ లేదు. ట్యూబు వివరాలు పోయి తెల్లగా బర్న్ అయితే అవనీ, దీపం దీపంలాగే ఉండాలి. నుదుటి మీద చర్మం బర్న్ కాకూడదు, అంతే.

కూర్పులో జారిపోయిన అవకాశం ఒకటుంది, సెట్టింగుల కన్నా అది ఎక్కువ బాధ కలిగిస్తుంది. దోసెకు దోసెకు మధ్య ఆయన పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో ఒక తుడుపు తుడుస్తాడు. ఆ రెండు సెకన్లు ఆవిరి భుస్సుమని లేస్తుంది. ఆవిరి కనపడాలంటే వెలుగు దాని వెనక నుంచో పక్క నుంచో రావాలి, ఆవల నల్లగా ఉండాలి. తీసినవాడు రెండడుగులు ఎడమకు జరిగి ఉంటే ట్యూబు పక్కకు పోయి, ఆవిరి వెనకకు చీకటి షట్టరు వచ్చేది. ఎర్ర బోర్డు కూడా ఫ్రేములోంచి తప్పుకునేది. బండి ముందు ఐదు దోసెల సేపు నిలబడితే ఈ లయ తెలిసిపోతుంది. కారం పూశాక దోసె కాలేదాకా ఆయన చెయ్యి నడుం మీద పెట్టుకుని రోడ్డు వంక చూస్తాడు. బైకు గీతలాగా సాగాలనుకుంటే అదీ అదను. కెమెరాను ఏ బైకు సీటు మీదో ఆనించి సెకనులో నాలుగో వంతు ఇస్తే మనిషి నిలబడతాడు, లోకం పరుగెడుతుంది.

అంతసేపు నిలబడితే ఆయన కూడా చూస్తాడు. "ఏంది అబ్బయా, యాడ పెడతావు దీన్ని?" అని అడుగుతాడు. అడగనివ్వడం మంచిది. చెప్పి, చూపించి, ఒక దోసె తిని తీసిన ఫోటోలో ముఖం వేరుగా ఉంటుంది. అరుగు మీద నిద్రపోయేవాళ్ళ ఫోటోలకు ఆ వీలు లేదు, వాళ్ళు అడగలేరు. రాత్రి వీధి ఫోటోల్లో చాలా సులువుగా దొరికే జాలి అదే కాబట్టి, దాన్ని వదిలేసిన ఫోటోకి ఒక మార్కు ఎక్కువ వేయొచ్చు.

చివరగా ఆ కుక్క. షాడోస్ ఎత్తిన ఫోటోలో అది డ్రమ్ముకీ కవరుకీ మధ్య ఇంకో వస్తువు. ఎత్తకముందు దాని చెవి అంచున, వీపు మీద ట్యూబు వెలుగు సన్నటి గీతలా మెరిసింది, మిగతాదంతా చీకట్లో ఉంది. అలాగే ఉంచితే మొదటిసారి ఎవరికీ కనపడదు. మూడోసారి చూసినవాడికి కనపడి, మళ్ళీ మొదటి నుంచి ఫోటో అంతా వెతికిస్తుంది. కుడి పక్క బోర్డును కత్తిరించేటప్పుడు కింది అంచు మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ ఒక్క వేలు వెడల్పు పోయినా ముందు పోయేది దాని చెవే.